ఒకటి మీద వినపడదు, రెండు మీద దూడ బెదురుతుంది

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఓ పల్లె. వయసు 43. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆదివారాలు చర్చిలో పాటలకి గిటార్ వాయిస్తాను. ఇరవై ఏళ్లుగా మామూలు చెక్క గిటారే. మొన్న క్రిస్మస్ ముందు మనసాగక ఎలక్ట్రిక్ గిటార్, దానికో 40 వాట్ల ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె) కొన్నాను. ‘చిన్నది తీసుకుంటే ఆర్నెల్లకే మళ్లీ వస్తారు మాస్టారూ’ అన్నారు షాపులో. ఇంటికొచ్చాక చూస్తే వాల్యూమ్ నాబ్ ఒకటి మీద పెడితే దోమ పాడినట్టుంది. రెండు మీద పెడితే పెరట్లో దూడ తాడు తెంపుకుంటోంది. పక్క గదిలో మా అమ్మ, ఇవతల పదో తరగతి చదివే అమ్మాయి. నాకు తీరికయ్యేది రాత్రి తొమ్మిదికి. 3 వాట్లదో 5 వాట్లదో తీసుకోమని ఒకరంటారు, అవి ఆటబొమ్మలని ఇంకొకరంటారు. 1 వాటు వాల్వ్ ఆంపులు (పాత రేడియోల్లోలా గాజు వాల్వ్‌లతో నడిచేవి) వస్తున్నాయట, అవి మేలా? ఇంట్లో హోమ్ థియేటర్ ఊరికే పడి ఉంది, దానికి తగిలిస్తే సరిపోదా? పైగా వాయించకపోయినా ఒకటే గుయ్‌మని మోత. చిన్నది కొంటే మరి చర్చికి ఏం చెయ్యాలి?

జవాబు: మాస్టారూ, ఆ 40 వాట్లదాన్ని అప్పుడే అమ్మకానికి పెట్టకండి. ఒక వారం ఆగండి. షాపువాళ్లు చెప్పింది తప్పే, కానీ ‘5 వాట్లది తీసుకో, గొడవ వదిలిపోతుంది’ అన్న మీ మిత్రుడు చెప్పింది కూడా తప్పే. ఇది వాట్ల దగ్గర తెగే వ్యవహారం కాదు. మీరు లెక్కల మాస్టారు కాబట్టి నాకు సగం పని తగ్గింది. మామూలుగా ఈ ముక్క చెప్పడానికి నానా తంటాలు పడతాను, మీకైతే లాగరిథమ్ అంటే చాలు.

చెవి లాగ్ స్కేలు మీద నడుస్తుంది. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, అంటే చెవికి ‘కాస్త పెరిగినట్టుందే’ అనిపించేంత. పది రెట్లు చేస్తే 10 డెసిబెల్స్. అప్పుడు గానీ చెవికి రెట్టింపు మోతగా తోచదు. ఇప్పుడు 40 వాట్లని 5 వాట్లకి దింపండి. ఎనిమిదో వంతు. తగ్గింది 9 డెసిబెల్స్. మీ దూడకి అది సగం మోత. సగం మోతకి కూడా తాడు తెంపుకునే దూడే అనుకుంటాను.

ఇంకో లెక్క. మంచి గిటార్ స్పీకర్ అయితే 1 వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో 97 డెసిబెల్స్ దాకా పలుకుతుంది. పక్కన కూర్చుని గట్టిగా మాట్లాడినా మనిషి గొంతు అంత పలకదు. రాత్రి తొమ్మిదింటికి తలుపు వేసుకుని హాయిగా వాయించుకోవడానికి మీకు కావలసింది 70 డెసిబెల్స్, టీవీ కాస్త గట్టిగా పెట్టుకున్నంత. 97 నుంచి 70కి, 27 డెసిబెల్స్ దిగాలి. వేసి చూడండి, 0.002 వాటు వస్తుంది. రెండు మిల్లీవాట్లు! మీ దగ్గరున్నది దానికి ఇరవై వేల రెట్లు. 5 వాట్లది కొన్నా రెండున్నర వేల రెట్లు మిగులే. అందుకే అంటున్నాను, ఇంట్లో వాయించుకోవడానికి ఎన్ని వాట్లన్నది చూసి కొనకూడదు. ఆంప్ తక్కువ మోత మీద ఎలా పలుకుతుంది, నాబ్ అక్కడ ఎంత మెత్తగా తిరుగుతుంది, ఈ రెండే చూడాలి.

మీ ఒకటి–రెండు గొడవ కూడా ఆ నాబ్‌లోనే ఉంది. వాల్యూమ్‌కి పెట్టే పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్) లీనియర్ రకం, అంటే తిప్పినంత సమంగా పెరిగేది అయితే, పూర్తిగా తెరిచినదానితో పోలిస్తే ఒకటి దగ్గర 20 డెసిబెల్స్ తక్కువ ఉంటుంది, రెండు దగ్గర 14 తక్కువ. అంటే పదిలో రెండు గీతలు దాటేసరికి దారిలో చాలా భాగం అయిపోయినట్టే. రెండు నుంచి పది దాకా ఎనిమిది గీతలకి మిగిలింది ఆ 14 మాత్రమే. మీకు కావలసిన మోత ఒకటికీ రెండుకీ మధ్య గోరంత చోట ఇరుక్కుపోయింది. చెవి లెక్కన పెరిగే లాగ్ పాట్ వేసినవాటిలో ఈ బాధ తక్కువ, కానీ పెద్ద ఆంపుల్లో అవీ మూడు దాటకముందే ఇల్లెగరగొడతాయి.

దీనికి పెద్ద ఖర్చు లేని మందు ఒకటి ఉంది. మీ ఆంప్ వెనక ‘సెండ్’, ‘రిటర్న్’ అని రెండు జాక్ రంధ్రాలున్నాయేమో చూడండి. దాన్ని ఎఫెక్ట్స్ లూప్ అంటారు. గిటార్ శబ్దం ముందు దశలో రూపం దిద్దుకుని, పవర్ దశలోకి వెళ్లే ముందు అక్కడ బయటికొచ్చి లోపలికి పోతుంది. ఆ మధ్యలో ఒక వాల్యూమ్ పాట్ పెడితే అదే మీకు రెండో కుళాయి. పెద్ద కాలువ తూము అక్కడ తెరిచే ఉంటుంది, మీ చేలోకి వచ్చే బోదె దగ్గర మట్టి అడ్డం వేసుకుంటారు, అంతే. రెడీమేడ్ వాల్యూమ్ పెడల్ అయినా సరే, లేదా అమలాపురంలో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే ఏ కుర్రాడినైనా పట్టుకుని, చిన్న రేకు డబ్బాలో రెండు జాకులు, ఒక 25 కిలో ఓమ్‌ల లాగ్ పాట్ పెట్టి ఇమ్మనండి. లాగ్ అని నొక్కి చెప్పండి, లేకపోతే చేతికందిన లీనియర్‌ది పెట్టి ఇస్తాడు, మళ్లీ మొదటికొస్తాం. డబ్బా వచ్చాక ఆంప్ మాస్టర్ వాల్యూమ్‌ని మూడున్నర, నాలుగు మీద వదిలేసి మోతంతా డబ్బా మీదే దించుకోండి. ఇప్పుడు మీ నాబ్ ‘దోమ’ నుంచి ‘దూడ’ దాకా ఒక్క గంతు వెయ్యదు. లూప్ లేని ఆంప్ అయితే ఈ మందు పనికిరాదు. గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య పెట్టి తగ్గిస్తే మోతతో పాటు గెయిన్ (ముందు దశలో గిటార్ శబ్దానికి వచ్చే బలం) కూడా పోయి గొంతు పీలగా అయిపోతుంది.

ఇక ఆంప్ ఎక్కడ పెట్టారు? రాయలేదు గానీ నేను చెప్పనా? గది మూల, నేల మీద. మీరేమో మంచం మీద. అందరం అదే చేస్తాం. మూల, నేల, గోడ మూడూ కలిసి లావు శబ్దాన్ని పెంచేస్తాయి. సన్న శబ్దం స్పీకర్ నుంచి టార్చిలైటు వెలుగులా తిన్నగా వెళుతుంది, అది మీ మోకాళ్లకి తగిలి పోతోంది. చెవికి స్పష్టత అందక మీరు నాబ్ పెంచుతారు, పెరిగిందంతా బేస్‌గా గోడ దాటి అమ్మగారి గదిలోకి పోతుంది. గోడలు ట్రెబుల్‌ని ఆపుతాయి గానీ బేస్‌ని ఆపలేవు. పక్క ఊళ్లో సంబరానికి డీజే పెడితే మనకి ఇక్కడ పాట వినపడదు, దడదడ మాత్రం వినపడుతుంది, చూడండి, అదే సంగతి.

కాబట్టి ఆంప్‌ని కుర్చీ మీదకెక్కించండి. స్పీకర్ మీ మొహంవైపు వచ్చేట్టు వెనక్కి వాల్చండి, మూల నుంచి రెండడుగులు ఇవతలికి లాగండి. మీరు చెయ్యి చాచితే అందేంత దూరంలో కూర్చోండి. దూరం సగమైతే 6 డెసిబెల్స్ ఊరికే వస్తాయి. నాలుగు మీటర్ల నుంచి ఒక మీటరుకి వస్తే 12. ఇది ఆరుబయట లెక్క, గదిలో అంత రాదు, అయినా తేడా మీకే తెలుస్తుంది. కింద కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ ఒకటి మడిచి పరవండి, కోనసీమలో దానికేం కరువు? కుర్చీకి, బల్లకి అదురు పోకుండా కాస్త ఆపుతుంది.

అదురు అంటే గుర్తొచ్చింది. మా పాత ఇంట్లో నేను ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద నొక్కి వాయిస్తే చాలు, ఏదో చిరిగిన కాగితంలా ‘జ్ర్ర్’మనేది. పక్క ఫ్రెట్ మీద ఏమీ లేదు, ఆ ఒక్క స్వరానికే. స్పీకర్ చిరిగిందనుకుని మూడు రోజులు అన్నం సహించలేదు. ఆంప్ విప్పించి చూపించాను కూడా. చివరికి మా ఆవిడ అటక మీదకి చెయ్యి పెట్టి ఒక ఇత్తడి బిందెని పట్టుకుంది, మోత ఆగిపోయింది. బిందె కూడా కాదు, దాని మీద బోర్లించిన స్టీలు పళ్లెం. ఆ స్వరం 98 హెర్ట్‌జ్, పళ్లేనికి అదే ఇష్టమైన స్వరం కాబోలు. మడిచిన తువ్వాలు ఒకటి మధ్యలో పెట్టాం. మీ ఇంట్లో కూడా ఏ ఒక్క స్వరానికో చప్పుడొస్తే ఆంప్‌ని అనుమానించే ముందు అటకని, కిటికీ రెక్కల గొళ్లేలని, గోడ మీది దేవుడి పటాన్ని తడిమి చూడండి.

తక్కువ మోతలో గిటార్ పేలవంగా ఉందని చాలామంది బాధ. అది ఆంప్ తప్పు కాదు, చెవి తీరు. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు: మోత తగ్గేకొద్దీ మనకి లావు శబ్దాలు మరీ ఎక్కువగా తగ్గినట్టు వినిపిస్తాయి, బాగా సన్నవి కూడా కొంత తగ్గుతాయి. మధ్యవే మిగులుతాయి. షాపులో గట్టిగా పెట్టి విని ముచ్చటపడిన గొంతు ఇంట్లో రేకు డబ్బాలా ఉండటానికి సగం కారణం ఇదే. పగలు బేస్ కొంచెం పెంచుకోండి. రాత్రి పెంచకండి, పైన చెప్పాను కదా గోడ సంగతి. రాత్రికి ట్రెబుల్ ఒక గీత ఎక్కువ పెట్టి దగ్గరగా కూర్చోవడమే దారి. ఆంప్‌లో రివర్బ్ (ప్రతిధ్వని) ఉంటే కొద్దిగా వెయ్యండి. చిన్న మోతకి అది గది ఇచ్చినట్టుంటుంది.

ఇవన్నీ చేశాక కూడా కుదరకపోతే అప్పుడు చిన్నది కొనండి. ఆటబొమ్మలన్నాయన మాట పట్టించుకోకండి. 1950లలో ఫెండర్ చాంప్ అని విద్యార్థుల కోసం చేసిన ఆంప్ ఉండేది, 5 వాట్ల లోపే. దాన్ని మైకు ముందు పెట్టి స్టూడియోల్లో చేసిన రికార్డింగులు లోకమంతా విన్నది. అంతదూరం ఎందుకు, మనకి గోదావరి దాటితే పాలకొల్లు. అక్కడ 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌ని కర్ణాటక కచేరీకి ఎక్కించాడు. జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలతో, కరెంటు మాండలిన్ మీద. ఆ వాయిద్యానికి పెట్టె తగిలించకపోతే పక్కవాడికి కూడా సరిగా వినపడదు. గమకాలన్నీ ఆ చిన్న చప్పుడులోనే పుట్టాలి, తర్వాతే స్పీకర్. వేళ్ల దగ్గర పుట్టనిది ఎన్ని వాట్లు పోసినా రాదు.

చిన్నవాటిలో ఏది? నేనైతే మీకు వాల్వ్‌లు లేని మామూలు రకంలోనే చూడమంటాను. రోలాండ్ మైక్రో క్యూబ్ జీఎక్స్ 3 వాట్లు, 5 అంగుళాల స్పీకర్, 6 డబుల్-ఏ సెల్స్ మీద కూడా నడుస్తుంది. కరెంటు పోయినా, గాలివాన రోజున లైన్లు తెగినా మీ పని ఆగదు. బ్లాక్‌స్టార్ ఫ్లై 3 ఇంకా చిన్నది, అదీ సెల్స్ మీదే, 3 అంగుళాల స్పీకర్. బల్ల మీద పుస్తకాల పక్కన పెట్టుకోవడానికి బాగుంటుంది గానీ లావు తీగలు అందులో కొంచెం నలుగుతాయి. అంత చిన్న కోను నుంచి అంతకన్నా ఆశించకూడదు. డబ్బు కాస్త ఎక్కువ పెట్టగలిగితే యమహా టీహెచ్ఆర్10 రకం చూడండి. ఇంటికోసమే పుట్టినట్టుంటుంది, తక్కువ మోతలో గొంతు నిండుగా పలికేట్టు చేశారు, రెండు చిన్న స్పీకర్లలోంచి పాటలు కూడా వినొచ్చు. ఇంటికీ చర్చికీ ఒకటే కావాలంటే బాస్ కటానా 50 లాంటిది. వెనక్కి తిప్పితే అర వాటుకి దిగే స్విచ్ ఉంది దానికి. నడుముకి తగిలించుకునే 9 వోల్టుల బ్యాటరీ బుడ్డివి ఉన్నాయి చూశారా, అవి మాత్రం నిజంగానే ఆటబొమ్మలు. మా అన్నయ్య మనవడికి కొనిచ్చాను, వాడు రెండో రోజే లోపలేముందో చూశాడు.

ఏది కొన్నా ఇయర్‌ఫోన్ జాక్ ఉందో లేదో చూసుకోండి, రాత్రి తొమ్మిది దాటాక మీకు అన్నం పెట్టేది అదే. అయితే అన్ని హెడ్‌ఫోన్ జాకులూ ఒకటి కాదు. గిటార్ స్పీకర్ 5 కిలో హెర్ట్‌జ్ పైన పెద్దగా పలకదు, ఆ పలకకపోవడమే గిటార్‌కి అందం. కొన్ని చవక ఆంపులు ఆ వడపోత లేకుండానే శబ్దాన్ని హెడ్‌ఫోన్‌లోకి వదిలేస్తాయి. డిస్టార్షన్ (గొంతుని బరకగా చేసే మోత) వేస్తే చెవిలో కందిరీగల తుట్టె కదిలినట్టుంటుంది. షాపులోనే హెడ్‌ఫోన్ పెట్టుకుని, డిస్టార్షన్ వేసి విని కొనండి. తీగ ఉన్న హెడ్‌ఫోనే వాడండి. బ్లూటూత్‌ది అయితే మీరు మీటిన తర్వాత ఎప్పటికో వినపడుతుంది, తాళం పట్టలేరు.

హోమ్ థియేటర్ సంగతి కూడా ఇదే. దానికి గిటార్ తిన్నగా తగిలిస్తే రెండు చెడ్డలు. ఎలక్ట్రిక్ గిటార్ పికప్ (తీగల అదురుని కరెంటుగా మార్చే ముక్క)‌కి ఎదురుగా 1 మెగా ఓమ్ దాకా ఇన్‌పుట్ నిరోధం కావాలి. హోమ్ థియేటర్ ఆక్స్ జాక్‌ది దానికన్నా చాలా తక్కువ, గిటార్ గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వస్తుంది. డిస్టార్షన్ పెడల్ మధ్యలో పెడితే ఆ బాధ పోతుంది గానీ ట్వీటర్ (సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకర్)‌లోంచి కందిరీగలు మళ్లీ లేస్తాయి. ఆ స్పీకర్లని మీ అమ్మాయి సినిమాలకి వదిలెయ్యండి. మీ పాత చెక్క గిటార్‌కి పికప్ ఉంటే మాత్రం అది వేరే సంగతి. దానికి ఇలాంటి పూర్తి స్థాయి స్పీకరే నయం, గిటార్ ఆంప్ కాదు.

వాల్వ్ గురించి అడిగారు. 1 వాటు వాల్వ్ ఆంపులు నిజమే, మార్షల్, బ్లాక్‌స్టార్ లాంటివాళ్లు చేస్తున్నారు. వాల్వ్ ఆంప్‌కి అందం పవర్ వాల్వ్‌లు కాస్త కష్టపడుతున్నప్పుడు వస్తుంది, అందుకని తక్కువ వాట్లవి చేశారు. కానీ పైన వేసిన లెక్క చూడండి, 1 వాటు పూర్తిగా తెరిస్తే 97 డెసిబెల్స్. కొన్నిటికి 0.1 వాటుకి దించే స్విచ్ ఉంటుంది. అప్పుడూ 87. మీ అమ్మగారు నిద్రపోయే ఇంట్లో ఆ ‘కష్టపడటం’ మీరు ఎప్పటికీ వినలేరు. వినలేని దానికి మామూలు ఆంప్ కన్నా ఎక్కువ ఎందుకు పోస్తారు? పొలంలో పంపుసెట్టు గదో, ఎవరూ లేని చావిడో ఉంటే కొనండి, కాదనను, ఆ గొంతు నాకూ ప్రాణమే.

నాకు ఆ ప్రాణం మీదే ఒకసారి ఖర్చయింది. అమెరికా నుంచి వస్తున్న చుట్టాలాయన చేత సెకండ్ హ్యాండ్ చిన్న వాల్వ్ ఆంప్ ఒకటి తెప్పించుకున్నాను. సూట్‌కేసులో చీరల మధ్య చుట్టుకొచ్చారు పాపం. ఆత్రం కొద్దీ ప్లగ్ మార్చి గోడకి పెట్టాను. అక్కడ కరెంటు 120 వోల్టులు, మనది 230. పాత ఓనరు ఎవరో ఫ్యూజ్ స్థానంలో లావు తీగ పెట్టాడు, అది నేను చూడలేదు. రెండు నిమిషాలు స్వర్గంలా పలికింది. తర్వాత కాలిన వార్నిష్ వాసన, జాలీలోంచి సన్నగా పొగ. ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ చుట్టించడానికి అయిన ఖర్చు ఆంప్ ఖరీదుకి దగ్గరగా వెళ్లింది. మీకు తెచ్చిచ్చే చుట్టాలుంటే వెనక పలక మీద వోల్టేజీ చదవండి, 120 అని ఒక్కటే ఉంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోకండి. వాల్వ్ ఆంప్‌ని స్పీకర్ తీసేసి ఆన్ చెయ్యకూడదు, పెట్టె విప్పకూడదు. ప్లగ్ తీసేసినా లోపలి కండెన్సర్లలో 300 వోల్టుల పైన నిలవుండి మనిషిని చంపగలవు.

గుయ్ మోతకి వద్దాం. ముందు గిటార్ మీది వాల్యూమ్ సున్నా చెయ్యండి. మోత ఆగిందా, అది గిటార్ పికప్ పట్టుకుంటున్న గోల. ఆగలేదా, ఆంప్‌దో కరెంటుదో. గిటార్‌దే అయితే కూర్చున్న కుర్చీతో పాటు మెల్లగా పక్కకి తిరుగుతూ రండి. సింగిల్ కాయిల్ పికప్ చిన్న ఏరియల్ లాంటిది, ఏదో ఒక దిక్కున మోత దాదాపు మాయమవుతుంది. ఆ దిక్కు చూసి కూర్చోండి, వాస్తు అనుకోండి. తర్వాత ఒక్కొక్కటీ ఆపుతూ రండి: సెల్ చార్జర్, ఎల్ఈడీ బల్బు, ఫ్యాన్ రెగ్యులేటర్. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు గోల పెరిగితే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, దానికి మందు సైన్ వేవ్ ఇన్వర్టర్ కొనడమే, లేదా సెల్స్ మీద నడిచే ఆంప్.

ఆంప్‌దే అయితే ఎర్త్ చూపించండి. పెంకుటిళ్లలో చాలాచోట్ల మూడు రంధ్రాల సాకెట్ పైకి ఉంటుంది, వెనక మూడో తీగ ఉండదు. మన డెల్టాలో నాలుగు పారలు తవ్వితే నీరు, ఎర్త్ కుదరడానికి ఇంతకన్నా మంచి నేల దొరకదు, అయినా వెయ్యరు! ఎలక్ట్రీషియన్ని పిలిచి వేయించండి, ఉంటే వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్లు పోయించండి. మోత తగ్గుతుందని ఎవరైనా ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసెయ్యమంటే వినకండి. మీ చేతిలో ఉన్నవి ఇనప తీగలు, పెదాల దగ్గర ఉన్నది ఇనప మైకు.

ఇది మీకు చర్చిలో మరీ ముఖ్యం. మైకు సెట్టు ఒక సాకెట్ నుంచి, మీ ఆంప్ గోడ అవతలి ఇంకో సాకెట్ నుంచి పెట్టుకుని ఒకదానికి ఎర్త్ లేకపోతే, పాడదామని పెదాలు మైకుకి ఆనించగానే షాక్ కొట్టొచ్చు. రెండూ ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోండి.

చర్చికి పెద్ద ఆంప్ అవసరం లేదు. మీ సెట్టులో మిక్సర్ ఉంటుంది కదా, చిన్న ఆంప్‌ని పక్కన కుర్చీ మీద పెట్టి, దాని జాలీకి రెండు వేళ్ల దూరంలో, కోను నడిమధ్యకి కాకుండా కొంచెం పక్కగా మామూలు పాటల మైకు నిలబెట్టండి. మధ్యకి పెడితే గొంతు గీరగా వస్తుంది, అంచుకి జరిగేకొద్దీ మెత్తబడుతుంది. అంగుళం అటూ ఇటూ జరుపుతూ మిక్సర్ దగ్గర కుర్రాణ్ణి వినమనండి. మైకు ఖాళీ లేకపోతే ఆంప్ లైన్ అవుట్‌నో, వడపోత ఉన్న హెడ్‌ఫోన్ జాక్‌నో మిక్సర్‌కి ఇవ్వొచ్చు. స్పీకర్‌కి పోయే తీగని మాత్రం మిక్సర్‌లో పెట్టకండి, మిక్సర్ కాలిపోతుంది. పాస్టరుగారు పైసలు లెక్క అడుగుతారు.

మీ వైపు ఉప్పుగాలి ఉంది కాబట్టి ఒక జాగ్రత్త. జాకులు, నాబ్‌లు చిలుం పట్టి చిటపటలాడతాయి. ఎలక్ట్రానిక్ సామాను దుకాణంలో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే అని అడిగి కొట్టండి. కొబ్బరినూనె రాసే అలవాటు మనకి అన్నిటికీ ఉంది, దీనికొద్దు. వాడనప్పుడు ఇన్‌పుట్ జాక్‌లో ఏ పాత ప్లగ్గో గుచ్చి ఉంచండి. నేనొకసారి వేసవి సెలవులకి ఊరెళ్లి వచ్చేసరికి కందిరీగ అందులో మట్టిగూడు కట్టి, దొరికిన గొంగళిపురుగుల్ని లోపల పేర్చి, మూతి కూడా మెత్తేసింది. పిన్నీసుతో గీకుతుంటే ఒక పూట పట్టింది. ఉరుములప్పుడు ప్లగ్ తీసెయ్యడం మీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

వేళ గురించి ఒక మాట: శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ హద్దు. మీ గదిలో 70 ఉంటే తలుపులు వేశాక వీధిలోకి అంత పోదు గానీ, పదయ్యాక హెడ్‌ఫోన్‌లోకి వెళ్లిపోండి. చట్టం కోసం కాకపోయినా అమ్మాయి పరీక్షల కోసం.

ముందు ఆంప్ వెనకవైపు ఫోటో ఒకటి తీసి పంపండి. సెండ్, రిటర్న్ ఉన్నాయో లేవో చూసి, ఉంటే ఆ డబ్బాకి తీగలు ఎలా కలపాలో చిన్న బొమ్మ గీసి పంపుతాను.